ట్రెమేనుపాలెం తిట్లు

ఊళ్లకు ఆ పేర్లు ఎలా వచ్చాయో ఆయా ఊళ్లే రుజువు చేసుకోవాలని ప్రభుత్వం ఉత్తర్వు వేసిన ఏడాది, మా ఊరికి కొంతకాలం పేరు లేకుండా పోయింది.

ఉత్తర్వు ఉద్దేశం మంచిదే. మనుషులందరినీ పుట్టుక రుజువు చేసుకోమంటూ, ఊళ్లను మాత్రం మాట మీద నమ్మడం పక్షపాతమని పైవారికి తోచింది. చాలా ఊళ్లకు ఇదేమంత కష్టం కాలేదు. మా పక్క ఊరివాళ్లు, సీతమ్మవారు వనవాసంలో తమ ఊరి గట్టు మీద కూర్చుని కాళ్ల బురద కడుక్కున్నారని రాసి పంపి, వారం తిరక్కుండా పత్రం తెచ్చుకున్నారు. రుజువుగా కొంత బురద కూడా జతపరిచారట.

మా ఊరి పేరు ట్రెమేనుపాలెం. ఇందులోకి సీతమ్మవారిని తీసుకురావడం ఎవరివల్లా కాలేదు.

మాది గోదావరి పాయ ఒడ్డున చిన్న ఊరు. ఏటిలోంచి కాలువ చీలే చోట లాకులు, లాకుల పక్కన దొర సమాధి, దాని వెనక మేమూ ఉంటాం. ఆ లాకులు కట్టించిన ట్రెమేను దొర ఇంగ్లండులో పడమటి కొసన కార్న్‌వాల్ అనే సీమ నుంచి వచ్చాడు. లాకులు బాగానే కట్టాడు గానీ, ఊరు కాలువకు ఇవతలా మంచినీళ్ల రేవు అవతలా పడేటట్టు కట్టాడు. బిందెతో బయలుదేరిన ఆడవాళ్లు పొలాల చుట్టూ తిరిగి రావలసి వచ్చేది. ఒకరోజు అందరూ ఖాళీ బిందెలతో దొర బంగళా ముందుకు వెళ్లి ఆయన్ను తిట్టారు. దొరకు తెలుగు రాదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఎండలో నిలబడి, చివరి మనిషి చివరి మాట అనేదాకా విన్నాడు. మర్నాడు కాలువ మీద చెక్కల వంతెన వేయించాడు. ఆడవాళ్లు చెప్పేది మధ్యలో ఆపకుండా విన్న మగవాణ్ణి వాళ్లు అంతకుముందు చూసి ఉండలేదు గనక ఆయన పేరే ఊరికి పెట్టుకున్నారు.

అప్పటి నుంచి ఏటా కాలువకు నీళ్లు వదిలే ముందురోజు ఊరి ఆడవాళ్లు సమాధి దగ్గరకు వెళ్లి దొరను తిట్టి వస్తారు. తిడితేనే నీళ్లు సరిగ్గా వస్తాయని నమ్మకం. ఒక ఏడు ఎవరో కొత్తకోడలు జాలిపడి నాలుగు మంచిమాటలు చెప్పిందనీ, ఆ ఏడు చివరి పొలాలు ఎండిపోయాయనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆవిడకు ఇప్పుడు మునిమనవలున్నారు. కాలువలో నీళ్లు తగ్గితే ఇంకా అందరూ ఆవిడ వైపే చూస్తారు.

ఈ సంగతి కాగితం మీద పెట్టడానికి మా పంచాయతీ వారు సిగ్గుపడ్డారు. “దొర వచ్చెను, కావున పేరు వచ్చెను” అని మాత్రం రాసి పంపారు. అది చాలదని పైనుంచి జవాబు వచ్చింది. రుజువు తేలేదాకా పేరు నిలిపివేయడమైనదని కూడా వచ్చింది.

మర్నాడు ఒక పెయింటరు నిచ్చెన, సున్నం బాల్చీ తెచ్చుకుని ఊళ్లో ఉన్న పేరు బోర్డులన్నీ తెల్లగా చేసి వెళ్లిపోయాడు. బస్సు కండక్టర్లు రెండురోజులు తడబడి, మూడోరోజు నుంచి “తెల్లబోర్డు దిగేవాళ్లు రండి” అనడం మొదలుపెట్టారు. మాకు వచ్చే ఉత్తరాలు అటువంటి ఊరు లేదని ముద్ర వేయించుకుని పంపినవాళ్లకే తిరిగి వెళ్లాయి. కరెంటు బిల్లులు మాత్రం దారి తప్పలేదు. పెళ్లి పెట్టుకున్నవాళ్లు శుభలేఖలో ఊరు ఉండవలసిన చోట “లాకుల దగ్గర” అని వేసుకున్నారు. ఇలాగే బాగుందని కొందరన్నారు కూడా. పిలవని చుట్టాలు తగ్గారట.

ఇబ్బందంతా ఊళ్లోనే కాపరముంటున్న మా ఆడపడుచు హైమావతికి వచ్చింది.

హైమకు పెళ్లయినప్పటి నుంచీ టీచరు ఉద్యోగం మీద ఆశ. పిల్లల్ని బడికి పంపి, వంట చేసి, అందరూ తిన్నాక మిగిలిన వేళలో చదువుకుంటూ పరీక్షలు రాసేది. ప్రతిసారీ కొద్దిలో పోయేది. ఆఖరికి ఉద్యోగం వచ్చింది. మా ఊరి ఆడపిల్లల హైస్కూల్లోనే వేశారు. నెలాఖరు సాయంత్రం ఐదింటిలోగా చేరాలి, చేరకపోతే జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. ఆమెకు వయసు పరిమితి కూడా అదే నెలతో దాటిపోతుంది. అంటే ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పుడూ కాదు.

కొత్త చీర కట్టుకుని, ఉత్తర్వు చేత్తో పట్టుకుని, నన్ను తోడు తీసుకుని బడికి వెళ్లింది. హెడ్‌మాస్టరు సత్తిరాజు గారు జాగ్రత్త గల మనిషి. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పెట్టారు.

“దీని ప్రకారం మీరు ట్రెమేనుపాలెం హైస్కూల్లో చేరాలండి. మాది ప్రస్తుతం ఏ ఊరో మాకే తెలీదు కదండీ. వెళ్లవలసిన చోటికి వెళ్లకుండా మీరు ఇక్కడ చేరిపోతే, రేపు ఆడిట్ వాళ్లకి నేనేం చెప్పనండీ?”

“మాస్టారూ, నేను ఈ బళ్లోనే చదివానండి. నాకు లెక్కలు మీరే చెప్పారు,” అంది హైమ.

“చెప్పానండి. అప్పుడు ఊరికి పేరుంది.”

హైమ ఏడవలేదు. ఇంటికి వచ్చి కొత్త చీర మడతపెట్టి బీరువాలో పెట్టింది. ఆ మడత చూస్తే నాకే ఏడుపు వచ్చింది.

నెలాఖరు దగ్గర పడుతుండగా నామమూల నిర్ధారణ అధికారి పరాంకుశం గారు విచారణకు వచ్చారు. పేరు లేని ఊళ్లో బస చేస్తే భత్యం రాదని నిబంధన ఉన్నందువల్ల ఆయన ఏ లాడ్జిలోనూ దిగలేకపోయారు. మావారు సహకార సంఘంలో గుమాస్తా. బస్టాండులో పెట్టె మీద కూర్చున్న పెద్దమనిషిని చూసి, జాలిపడి మా ఇంటికి తీసుకొచ్చారు.

పరాంకుశం గారు సన్నగా, పొడుగ్గా, చేతిలో గొడుగుతో ఉంటారు. తన గురించి చెప్పేటప్పుడు ఎప్పుడూ “నేను” అనరు. ఈ కార్యాలయం అంటారు. వచ్చీ రాగానే ఈ కార్యాలయానికి మంచినీళ్లు కావాలన్నారు. భోజనం దగ్గర, ఈ కార్యాలయం వంకాయ స్వీకరించదన్నారు. చెడ్డ మనిషి కాదు. నిబంధన ఎటు చూపిస్తే అటు నడుస్తారు, మధ్యలో గోడ వస్తే గోడ దగ్గర నిలబడి అది తొలగేదాకా వేచి ఉంటారు.

ఏ పేరుకైనా అర్థం, అనుబంధం అని రెండు పరీక్షలుంటాయని భోజనాలయ్యాక మాకు వివరించారు.

“ట్రెమేను అను పదము కార్న్‌వాల్ సీమవారి కార్నిష్ భాషాజన్యము. రాతి చెంతనున్న గృహము అని భావము. కావున ఈ ఊరియందు రాయిని చూపవలసియున్నది.”

ఇది చిక్కే. మాది ఒండ్రు నేల. పారకు అడ్డం తగిలే రాయి మా ఊళ్లో లేదు. మావారు లాకులకు వేసిన రాళ్లు చూపించారు. అవి ఎక్కడి నుంచో పడవల మీద వచ్చిన రాళ్లనీ, వలస వచ్చినవి స్థానిక రాళ్లుగా చెల్లవనీ ఆయన తోసిపుచ్చారు. సమాధి రాయి దొర కన్నా తర్వాత వచ్చింది గనక అదీ చెల్లలేదు. దిగులుగా పెరట్లో చేతులు కడుక్కోవడానికి వెళ్లిన మనిషి అక్కడే ఆగిపోయారు. నూతి పక్కన సగం భూమిలో దిగిపోయిన మా రుబ్బురోలు ఆయన కంటపడింది.

ఇది ఎప్పటి నుంచి ఉందని నన్ను అడిగారు. నేను కాపరానికి వచ్చేటప్పటికే ఉందన్నాను. అంతకుముందో అన్నారు. మా అత్తగారు కాపరానికి వచ్చేటప్పటికీ ఉందటన్నాను.

“అనగా స్వయంభువు,” అని రాసుకున్నారు.

రోలు చుట్టూ ఎర్ర ఫీతా కట్టి, రక్షిత శిల అని అట్ట తగిలించారు. ముందస్తు అనుమతి లేనిదే తాకరాదన్నారు. నేను అప్పటికే మినప్పప్పు నానబోసి ఉన్నాను. ఆ సంగతి విన్నవించుకుని, పొద్దున్నే ఈ కార్యాలయానికి అట్లు పోద్దామనుకున్నానని కూడా చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, ప్రజా ప్రయోజనం దృష్ట్యా ఒక వాయి రుబ్బుకోవడానికి ప్రత్యేక సడలింపు ఇచ్చారు. చట్నీకి ఇవ్వలేదు.

అలా అర్థం గట్టెక్కింది. ఇక అనుబంధం మిగిలింది. ఊరివాళ్లకు పేరుగల వ్యక్తితో జీవమున్న భావబంధం ఇప్పటికీ ఉన్నట్టు ఆయన ఎదట రుజువు కావాలి. మర్నాడు పొద్దున అట్లు తింటూ, దొరకు పూజలున్నాయా, భజనలున్నాయా, కనీసం ఆయన మీద ఒక పాటైనా ఉందా అని అడిగారు. మావారు లేవని తల ఊపుతుంటే నేను తిట్ల సంగతి చెప్పాను. నోరు జారిందని మావారికి తర్వాత సర్దిచెప్పాను గానీ, అట్టు తిప్పుతూ ఆలోచించి చెప్పిన మాటే అది.

పరాంకుశం గారి కళ్లు మెరిశాయి. అపరిచితుణ్ణి ఎవరూ ఏళ్ల తరబడి తిట్టరు గనక దూషణ కూడా అనుబంధమేనన్నారు. అది తన సమక్షంలో జరగాలన్నారు.

తిట్లకు పెద్ద మాణిక్యాంబ గారు. వాళ్ల అత్తగారి తర్వాత ఆ పని ఆవిడకు వచ్చింది. పెసలు చెరుగుతూ ఆయన చెప్పిందంతా విని, కుదరదంది.

“ఈ ఏటివి అయిపోయాయండి. తిట్టేం, నీళ్లొచ్చేయి. పని చేసి పెట్టినాణ్ణి పట్టుకుని మళ్లీ ఏ మొహంతో తిడతామండీ? కడుపులో మంటుండాలి కదండీ.”

హైమ ఉద్యోగం గురించి నేను విడమరచి చెప్పాక, పిల్ల కోసమని సరేనంది. అయితే తిట్లు ముందుగా రాసి ఆమోదం కోసం సమర్పించాలని పరాంకుశం గారన్నారు. మాణిక్యాంబ గారు చెబుతుంటే నేను రాసి ఇచ్చాను. ఆయన ఎర్రసిరాతో దిద్దారు. దొర తల్లిదండ్రుల ప్రస్తావనలన్నీ, వారికి నోటీసు ఇవ్వలేదు గనక కొట్టేశారు. అవయవాలకు సంబంధించినవి వైద్య శాఖ పరిధిలోకి వస్తాయన్నారు. దొర చచ్చిపోవాలన్న కోరికలన్నీ, మృతునికి మరణము కోరుట నిరర్థకము అని అంచున రాసి తీసేశారు. చివరికి మిగిలింది ఇది: “దొరవారూ, రేవు విషయంలో తమరు తీసుకున్న నిర్ణయం పట్ల మేము అసంతృప్తిగా ఉన్నాము.”

మాణిక్యాంబ గారు అది నాతో రెండుసార్లు చదివించుకుంది.

“ఇది తిట్టా అమ్మా?” అని అడిగింది. పాపం, నిజంగానే తెలియక అడిగింది.

కార్యక్రమం నెలాఖరు రోజు పొద్దున పెట్టారు. ఆడవాళ్లందరం సమాధి ముందు వరసగా నిలబడ్డాం. పరాంకుశం గారు గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, మాటలు రికార్డు చేసే యంత్రం పైకెత్తి పట్టుకున్నారు. చివరి మనిషి చివరి మాట అనేదాకా యంత్రం ఆపరాదనీ, అధికారి కదలరాదనీ నిబంధన ఉందని ముందే చెప్పారు. మేము చేతులు కట్టుకుని, బళ్లో ప్రతిజ్ఞ చెప్పినట్టు ఆమోదం పొందిన తిట్టును ఏకకంఠంతో చెప్పాం. వెనక వరసలో ఒకావిడ అలవాటు కొద్దీ చివర్లో జైహింద్ అంది.

పరాంకుశం గారు విచారంగా తల ఊపారు. “భావము శూన్యము. అనుబంధము రుజువు కాలేదు. ఈ కార్యాలయము మిక్కిలి చింతించుచున్నది. వచ్చే సంవత్సరము పునఃపరిశీలనకు దరఖాస్తు చేసుకొనవచ్చును.”

యంత్రం ఆపడానికి ఆయన వేలు ఇంకా మీట మీదకు వెళ్లలేదు. హైమ వరసలోంచి ముందుకు వచ్చింది. పుట్టిన దగ్గర్నుంచీ ఎవరినీ పల్లెత్తు మాట అనని పిల్ల.

“వచ్చే సంవత్సరమంటే మీకు కేలండరు మార్చుకోవడమండి. నాకు వయసు దాటిపోవడం. ఒక కన్ను పొయ్యి మీది పాలమీద, ఒక కన్ను పుస్తకం మీద పెట్టి చదివానండి నేను. ఆకలితో ఉన్న మనిషికి విస్తరేసి, అన్నమనే మాట ఎక్కడ పుట్టిందో తేలేదాకా చెయ్యి పెట్టకూడదంటారు మీరు. మా వదిన రోలుకి ఫీతా కట్టి, ఆ రోట్లో రుబ్బిన అట్లే తిన్నారు. మీరు పుట్టినప్పుడు మీకీ పేరెందుకు పెట్టేరో చెప్పమని మీ అమ్మగారిని ఎవరైనా రుజువడిగుంటే, ఈపాటికి మీరూ తెల్లబోర్డేనండి.”



“అదీ,” అంది మాణిక్యాంబ గారు, ఊపిరాడినట్టు. “అలా రావాలి.” కొంగు నడుముకు దోపుకుని ఆవిడ కూడా ముందుకు వచ్చింది. “ఒరే పరాంకుశం, నీ గొడుగు తిరగబడిపోను, నీ ఫైళ్లకి చెదపట్టిపోను, నువ్వెక్కిన బస్సు ఏ ఊళ్లోనూ ఆగకపోను.”

ఆ తర్వాత ఎవరినీ ఆపడం కుదరలేదు. శుభలేఖలో ఊరి పేరు వేసుకోలేకపోయినావిడ, మందుల పార్సిలు రానావిడ, తెల్లబోర్డు దగ్గర దిగబోయి ముందు స్టాపులో దిగి నడిచొచ్చినావిడ, అందరూ తమతమ మాటలు చెప్పుకున్నారు. నేనూ చట్నీ గురించి రెండు మాటలన్నాను. జాలిపడి నీళ్లు పోగొట్టిన ముసలావిడ కూడా కుర్చీలో కూర్చునే ఎన్నో ఏళ్ల అప్పు తీర్చుకుంది. ఎండ నెత్తి మీదకు వచ్చింది. గొడుగు విప్పాలంటే కదలాలి, కదిలితే నిబంధన ఒప్పుకోదు. పరాంకుశం గారు యంత్రం ఎత్తిన చెయ్యి దించకుండా, చెమటలు కారుతూ, చివరిదాకా విన్నారు.

అంతా అయ్యాక మెట్టు మీద కూర్చుని కాగితం తీశారు. తీవ్రత: అపారము, ధార: అవిచ్ఛిన్నము అని రాసుకున్నారు. ఉద్దేశింపబడిన వ్యక్తి అన్న చోట ఆయన కలం ఆగిపోయింది. యంత్రాన్ని మొదటి నుంచి మళ్లీ విన్నారు. ఆమోదం పొందిన ఆ ఒక్క వాక్యం తప్ప, దొరకు అందులో ఒక్క తిట్టు కూడా రాలేదు.

వేరొకరైతే దొర పేరు రాసేసి బస్సెక్కేవారు. పరాంకుశం గారు అబద్ధం రాయరు. నిబంధనల పుస్తకం తీసి, ఊరివారికి ఏ వ్యక్తితో అత్యంత ప్రగాఢమైన భావబంధం రుజువగునో ఆ వ్యక్తి పేరే ఊరికి చెందవలెనన్న భాగాన్ని పైకి చదివారు.

“ఈ కార్యాలయము నిస్సహాయము,” అన్నారు.

ఆ విధంగా మధ్యాహ్నం మూడింటికల్లా మా ఊరు పరాంకుశంపాలెం అయింది. హైమ పేరు గురించి ఆలోచించలేదు. ఆయన్ను చెయ్యి పట్టుకున్నంత పనిచేసి బడికి నడిపించింది. మేమంతా వెనకాలే వెళ్లాం. సత్తిరాజు గారు ఉత్తర్వు మళ్లీ తిప్పి చూసి, ఇందులో ట్రెమేనుపాలెం అనుందండీ, ఇది పరాంకుశంపాలెం కదండీ అన్నారు. మాణిక్యాంబ గారు కొంగు మళ్లీ నడుముకు దోపడం మొదలుపెట్టింది. పరాంకుశం గారు అది చూసి, గబగబా ఉత్తర్వులో ఊరి పేరు స్వహస్తాలతో దిద్ది ముద్ర వేశారు. తన పేరు గల ఊళ్లో ఈమె ఉద్యోగం చేయుటకు తనకు అభ్యంతరం లేదని కూడా రాశారు. గంట ఐదు కొట్టేలోగా హైమ సంతకం పెట్టేసింది. పెట్టిన సంతకాన్ని చూసుకుంటూ అక్కడే చాలాసేపు నిలబడితే, నేనే ఇంటికి తీసుకొచ్చాను.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ప్రతి పేరుకూ ఏటా అనుబంధం మళ్లీ రుజువు కావాలట. లేకపోతే పాత పేరు తిరిగి వస్తుందట. ఈ మాట విని ఊరంతా సంబరపడింది. దొరను వదులుకోవడం ఎవరికీ ఇష్టం లేదు. అందుకని ఈసారి పరాంకుశం గారు వస్తే ఒక్క తిట్టు కూడా తిట్టకూడదని, మర్యాద చేసి పంపాలని ఆడవాళ్లందరూ ఒట్టు పెట్టుకున్నారు.

హైమ ఒట్టు పెట్టుకోలేదు. ఆమె ఉత్తర్వులో ఇప్పుడు పరాంకుశంపాలెం అని ఉంది. పేరు పోతే సత్తిరాజు గారు ఏమంటారో ఆమెకు తెలుసు.

మరుసటి ఏడు ఆయన వచ్చినప్పుడు ఊరివాళ్లు ఎదురెళ్లి దండ వేశారు, పూతరేకులు పెట్టారు, గొడుగు పట్టారు. రోలు ఫీతా ఆయన చేతే విప్పించి, చట్నీతో అట్లు పెట్టాను. పరాంకుశం గారు ఆనందంతో కళ్లు తుడుచుకుంటుంటే, హైమ బడి నుంచి మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చి, ఆయన్ను నిలబెట్టి, ఒక్కతే తిట్టింది. కనీస తీవ్రత నెరవేరినదని ఆయన రాసుకున్నారు. వెళ్లేటప్పుడు ఆమెకు నమస్కారం పెట్టి మరీ వెళ్లారు.

ఈ ఏడు గడువు వారం ఉందనగా మా ఇంటికి ఫోను చేశారు. హైమావతి గారిని పిలవమన్నారు. హైమ అందరికీ వినపడేటట్టు ఫోను బల్ల మీద పెట్టింది.

“అమ్మా, ఈ కార్యాలయం ఈ సంవత్సరం ఎవరికీ ఏ ఇబ్బందీ కలిగించలేదు. చాలా వెతికి చూశాను. మీ పని కష్టమవుతుందేమోనని దిగులుగా ఉంది. పోనీ మీ వీధి పేరు నిలిపివేసి రమ్మంటారా?”

ఆయన నోట “నేను” అన్న అర్థం వచ్చే మాట మేము వినడం అదే మొదలు. హైమ ఆలోచించి, తమ వీధి వద్దంది, పిల్లలకు పరీక్షలున్నాయి. హెడ్‌మాస్టరు గారి వీధి తీసుకోమంది.

“దానివల్ల మీకు ఆగ్రహము కలుగునా?”

“వీధి పేరు పోతే మాస్టారు రోజూ మా గుమ్మంలోకొచ్చి మొరపెట్టుకుంటారు కదండీ,” అంది హైమ. “మీరు వచ్చేసరికి బాగా కలుగుతుంది.”